అమ్మము, అద్దెకీయము, పడగొట్టము

జపాను దేశపు నడిభాగమున నగానో అను కొండసీమ కలదు. ఆ సీమకు నైరుతి మూలను, కిసో లోయలో, త్సుమాగో అను చిన్న ఊరున్నది. 1971వ సంవత్సరములో ఆ ఊరి గృహస్థులు ఒకచోట చేరి తమకు తామే ఒక కట్టుబాటు వ్రాసికొనిరి. దాని సారమంతయు మూడు మాటలలో ఇమిడినది: మా ఇండ్లను అమ్మము, అద్దెకీయము, పడగొట్టము. అట్లు వ్రాయుడని ఏ ప్రభుత్వమును వారిని ఆజ్ఞాపింపలేదు. ఇల్లుగలవాడు తన ఇంటిపై హక్కును కాపాడుకొనుటకు న్యాయస్థానముల మెట్లెక్కుట మనము నిత్యము చూచుచున్నదే. ఉన్న హక్కులను తగ్గించుకొనుటకు ఊరంతయు కూడి సభచేయుట మాత్రము అరుదుగా వినవచ్చు సంగతి. వారట్లేల చేసిరో, చేసి ఏమి పొందిరో, ఏమి వదలుకొనిరో శ్రోతలకు విన్నవింపవలెనని మేమీ ప్రసంగమునకు పూనుకొంటిమి.

పాత కట్టడముల పరిరక్షణమన్నంతనే మన మనస్సునకు తోచునవి కోటలు, గోపురములు, రాజమందిరములు. వానికి చరిత్ర పుస్తకములో ఒక పుటయు, ముంగిట పురాతత్త్వశాఖవారి నీలిరంగు పలకయు ఉండును. త్సుమాగోవారు నిలుపుకొన్న కట్టడములు పూటకూళ్ళ ఇండ్లు, బరువులు మోయువారి ఇండ్లు, గుఱ్ఱములను తోలుకొని బ్రతికినవారి ఇండ్లు, చిల్లర కొట్లు. ఒక్కొక్కదానిని వేరుచేసి చూపినచో వాస్తుశాస్త్రము చదివిన పండితుడు రెండవమారు తలత్రిప్పి చూడడు. అవి అన్నియు ఒకే బాటకు ఇరుప్రక్కల, ఒకదాని భుజమును మరియొకటి తాకుచు నిలిచియుండుటయే వాని విశేషము. నడుమ రెండిండ్లు తొలగించి సిమెంటు మేడ కట్టినచో మిగిలినవాని విలువయు సగమగును. చూచుటకు సామాన్యముగా తోచు ఈ సంగతిని గ్రహించుటకు చట్టములు చేయువారికి చాలకాలము పట్టినది.

ముందు ఆ బాట సంగతి చెప్పవలెను. 17వ శతాబ్దారంభమున తొకుగావ వంశపు షోగునులు జపానును ఏలజొచ్చిరి. వారి ముఖ్యపట్టణము ఎడో, అనగా నేటి టోక్యో. చక్రవర్తి నివాసము క్యోటో. ఈ రెంటిని కలుపుచు రెండు పెద్ద బాటలుండెను. ఒకటి సముద్రతీరము వెంట పోవునది. రెండవది కొండల నడుమ పోవునది. ఈ రెండవదానికి నకసెందో అని పేరు. కొండల నడిమి బాట యని దాని అర్థము. దాని పొడవు సుమారు 530 కిలోమీటర్లు. దారిలో 69 మజిలీలు. మజిలీ యన్న మాటకు మన శ్రోతలకు వ్యాఖ్యానమక్కరలేదు. 1830లో చెన్నపట్టణము నుండి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తమ యాత్రాచరిత్రలో మజిలీ తరువాత మజిలీగా దారిని ఎట్లు వర్ణించిరో చదివినవారు చదివియే యుందురు. మంచినీరు కలదా, వంటకు వస్తువులు దొరకునా, బసకు చోటున్నదా అను మూడు ప్రశ్నలే అన్ని దేశముల బాటసారులకును ముఖ్యములు. ఎడో నుండి లెక్కించినచో త్సుమాగో 42వ మజిలీ.

మజిలీ అనగా ఊరక నిద్రించుపట్టు అనుకొనరాదు. ప్రభుత్వపు పనిమీద పోవువారికి గుఱ్ఱములను, మనుష్యులను సమకూర్చుట దాని విధి. కిసో లోయలోని ప్రతి మజిలీయును 25 మంది కూలీలను, 25 గుఱ్ఱములను సిద్ధముగా ఉంచవలెనని నియమము. ఒక మజిలీవారు మోసికొనివచ్చిన బరువును రెండవ మజిలీలో దించుదురు, అక్కడివారు ఎత్తుకొందురు. బసలలో కూడ అంతరములుండెను. ప్రభువులు దిగు గృహమునకు హోన్‌జిన్ అని పేరు. ఒకేనాడు ఇద్దరు ప్రభువులు వచ్చినపుడు రెండవవారికి వాకి హోన్‌జిన్, అనగా ఉపబస. వర్తకులకు, యాత్రికులకు సామాన్యపు పూటకూళ్ళ ఇండ్లు. వీనికన్నను దిగువది మరియొకటి కలదు. అందులో దిగువాడు తన బియ్యము తానే తెచ్చుకొని వండుకొనును. ఇంటివారికి ఇయ్యవలసినది కట్టెల ఖరీదు మాత్రమే. ఆ బసకు జపానుభాషలో ఉన్న పేరునకు అర్థము కూడ కట్టెల ఖరీదు సత్రమనియే. ఇట్టిదొకటి, 18వ శతాబ్దపు నడుమకాలమున కట్టినది, త్సుమాగోలో నేటికిని ఉన్నది. దాని పేరు కామి సగయ. లోనికి పోయి చూచుటకు రుసుములేదు. ఆనాడు పేదవాని వద్ద కట్టెల ఖరీదు తీసికొన్న ఇల్లు నేడు ధనికులకును ఉచితముగా తలుపు తెరచుట మాకు ముచ్చటగా తోచినది.

1861లో చక్రవర్తి చెల్లెలు కజునోమియ షోగునును వివాహమాడుటకు క్యోటో నుండి ఎడోకు తరలిపోయినది ఈ బాట వెంటనే. వేలకొలది పరివారముతో సాగిన ఆ పెండ్లి ఊరేగింపు ఆ ఇరుకు లోయలోని మజిలీలకు ఎంత భారమై యుండునో ఊహింపవచ్చును.

రేడియో పటము చూపజాలదు. కావున శ్రోతలు ఒక్క క్షణము కన్నులు మూసికొని ఆ వీధిని తలచుకొందురుగాక. రెండు ప్రక్కల రెండంతస్తుల కొయ్య ఇండ్లు. మీది అంతస్తు క్రిందిదానికన్న కొంత ముందునకు వచ్చి వీధిమీదికి వంగినట్లుండును. ముఖభాగమంతయు సన్నని నిలువు కమ్ముల చట్రములు. వానిగుండ లోపలివారు వీధిని చూడగలరు గాని వీధిలోనివారికి లోపల కనిపించుట తక్కువ. మన మండువా ఇంటిలో వెలుతురు ఆకాశము నుండి దిగును. అక్కడ వీధివైపు చట్రముల సందుల నుండి చారలు చారలుగా వచ్చును. కప్పు ఏటవాలు తక్కువ. కొన్నింటికి నేటికిని పెంకులకు బదులు సన్నని కొయ్యపలకలే. గాలికి లేచిపోకుండ వానిమీద ఏటిరాళ్ళను బరువుంచుదురు. ఊరి నడుమ బాట ఒకచోట లంబముగా మలగి, మరల లంబముగా మలగును. శత్రువు ఒక్క పరుగున ఊరిలోనికి చొరబడకుండ ఆనాడు చేసిన ఏర్పాటది. ఊరి మొదట ప్రభుత్వపు ఆజ్ఞలు వ్రాసి తగిలించు ఎత్తైన పలక. అక్కడక్కడ కొండనీరు వచ్చిపడు కొయ్యతొట్లు. ఇంతే ఆ ఊరు. ఈ కొననుండి ఆ కొనకు నడచుటకు పట్టుకాలము మా ప్రసంగకాలమునకు మించదు.

కొయ్య అని ఇన్నిమారులు చెప్పితిమి. ఆ కొయ్యకు ఒక కథయున్నది. కిసో అడవులు హినోకి అను సైప్రస్‌జాతి వృక్షములకు ప్రసిద్ధి కెక్కినవి. కోటలకును దేవాలయములకును ఆ కలప కావలసి విచ్చలవిడిగా నరికినందున 17వ శతాబ్దములోనే కొండలు బోసిపోయెను. అంతట ఆ సీమ ప్రభువులైన ఒవారివారు హినోకితో కలిపి ఐదు జాతుల చెట్లను సామాన్యులు నరుకరాదని శాసించిరి. చెట్టునకొక తల యని ఆనాటి సామెత. ఒక చెట్టు కూల్చినవాడు తన తల నిచ్చుకొనవలసినదే. అడవి నడుమ కాపురముండి అడవిలోని మేలుకొయ్యతో ఇల్లు కట్టుకొనలేని బ్రతుకు వారిది. ఈ నిషేధము మెయిజీ పరిపాలనతో సడలెను. వెంటనే, 1877లో, త్సుమాగో ఉపబస యజమానులైన హయాషివారు తమ ఇంటిని హినోకి కలపతో తిరిగి కట్టుకొనిరి. దాని పేరు ఒకుయ. చిరకాలము తాకరాని కొయ్యను చేతబట్టిన వడ్రంగుల ఉత్సాహము ఆ ఇంటి దూలములలో కనిపించునని చూచినవారందురు. 1880లో చక్రవర్తి మెయిజీ ప్రయాణములో అక్కడ విశ్రమించెను. వింత యేమనగా, అంత వైభవముగా ఇల్లు కట్టుకొనునాటికే ఆ ఊరి వృత్తి అంతరించినది. 1868లో షోగునుల ప్రభుత్వము పోయెను. ప్రభువుల పల్లకీలు ఆగిపోయెను. మజిలీల కట్టుబాటు రద్దయ్యెను. 1911లో ఆ ప్రాంతపు రైలుమార్గము పూర్తియయ్యెను. అది కిసో నది వెంటనే పోయి త్సుమాగోను ప్రక్కకు వదలివేసినది. తరువాత మోటారు రస్తాయును నదినే అనుసరించినది.

ఇక్కడ ఒక చేదుమాట చెప్పక తప్పదు. పాత ఇండ్లను కాపాడుటలో దారిద్ర్యమును మించిన కావలివాడు లేడు. చేతిలో పైకము ఆడిన ఊళ్ళలో పాత ఇండ్లు ఎప్పుడో పోయినవి. త్సుమాగో వారికి పడగొట్టి కట్టుకొను శక్తి లేదు. కావున ఇండ్లు మిగిలినవి. పొరుగు మజిలీయైన మాగోమెలో 1895లోను 1915లోను నిప్పుపడి పాత ఇండ్లు చాలవరకు బూడిదయ్యెను. త్సుమాగోకు ఆ గ్రహచారము పట్టలేదు. కాని దారిద్ర్యము ఇంటిని నిలుపును గాని మనుష్యుని నిలుపదు. రెండవ ప్రపంచయుద్ధము తరువాత పరిశ్రమలు పెరిగినకొలది పడుచువారు నగోయ మొదలగు పట్టణములకు వలసపోయిరి. 1960 తరువాతి సంవత్సరములలో ఆ వీధిలో కప్పులు కారుచు, గోడలు వంగుచు ఉండెను; వృద్ధులు మిగిలిరి. ఇంకొక పది యేండ్లు గడచినచో ఈనాడు చెప్పుకొనుటకు వీధియే ఉండెడిది కాదు.

ఉద్యమము ఎవరో మహానాయకునితో మొదలుకాలేదు. ఊరిలోని కొందరు మొదట పాత సామగ్రిని, పాత కాగితములను ప్రోగుచేయ నారంభించిరి. అటకలమీది తట్టలు, కాడులు, లెక్కల పుస్తకములు బయటపడెను. 1967లో ఒకుయ గృహమును ప్రదర్శనశాలగా తెరచిరి. టోక్యో విశ్వవిద్యాలయమున వాస్తుచరిత్ర ఆచార్యులైన ఓత హిరోతారో ఆ వీధిని పరిశీలించి, ఇట్టి మజిలీ ఊరు చెక్కుచెదరక మిగిలియుండుట అపూర్వమని తెలిపెను. 1968లో త్సుమాగోను ప్రేమించువారి సంఘమను పేరుతో ఒక సంఘమేర్పడెను. ఊరిలోని ఇండ్లన్నియు అందులో సభ్యములు. సంఘము పేరు వినుటకు కొంత భావుకముగా తోచునేమో గాని, దాని కార్యక్రమము మిక్కిలి లౌకికము: ఎవరి కప్పు కారుచున్నది, ఎవరి గోడ ముందుగా నిలబెట్టవలెను, సొమ్ము ఎక్కడినుండి రావలెను.

సొమ్ము వచ్చిన తీరు కూడ తెలిసికొనదగినది. 1968 నాటికి మెయిజీ పరిపాలన ఆరంభమై నూరేండ్లు నిండెను. దేశమంతట శతవార్షికోత్సవములు. నగానో సీమ ప్రభుత్వమువారు తమ ఉత్సవపు నిధిలో కొంత త్సుమాగో ఇండ్ల మరమ్మతునకు కేటాయించిరి. శతవార్షికోత్సవమనగా పాలరాతి స్తంభమో, కంచు విగ్రహమో నిలుపుట అన్ని దేశములలోను వాడుక. కారు కప్పులు బాగుచేయుటకు ఆ ధనము వెచ్చించిన అధికారులెవరో గాని మేము వారికి నమస్కరించుచున్నాము. మూడేండ్లలో, ముఖ్యముగా దేవళము దిగువనున్న తెరాషిత అను భాగములో, 26 ఇండ్లను విప్పి మరల నిలబెట్టిరి. విప్పుట యన్న మాట సరిగానే వాడితిమి. కొయ్య ఇంటిని కీలు కీలుగా ఊడదీయవచ్చును; కుళ్ళిన భాగము తీసి క్రొత్తకొయ్య అతికి, మిగిలినదంతయు మొదటి స్థానములోనే కూర్చవచ్చును. నడుమకాలమున ముఖభాగమునకు తగిలించిన గాజుతలుపులు మొదలైనవి తీసివేసి పాత చట్రములను అమర్చిరి. విద్యుత్తు స్తంభములను వీధినుండి తొలగించి ఇండ్ల వెనుకకు మార్చిరి. ఈ చివరిపని విన్నంత తేలికది కాదు. వీధిలో ఒక్క స్తంభము జరిపించుటకు అర్జీలు వ్రాసి వేసరిన మన శ్రోతలు దాని విలువ ఎరుగుదురు.

1970లో జపాను జాతీయ రైల్వేలవారు స్వదేశమును దర్శింపుడని పెద్దయెత్తున ప్రచారము సాగించిరి. నగరములలో విసిగిన యువతీయువకులు, అందులోను యువతులు, పాత ఊళ్ళు వెదకికొని బయలుదేరిరి. నిన్నటివరకు పడుచువారు విడిచిపోయిన త్సుమాగో వీధిలో జనము క్రిక్కిరిసెను. జనము వెంట ధనము వచ్చును. ధనము వెంట బయటి వర్తకుడు వచ్చును. అంతవరకు ఎవరును పుచ్చుకొనని ఇంటికి మంచి వెల పలుకు అదను వచ్చినది. ఇల్లు తప్ప వేరొక ఆస్తిలేని వృద్ధునికి ఆ వెల ఎంతటి ఆకర్షణయో చెప్పనక్కరలేదు. ఈ ఘట్టములోనే 1971 నాటి కట్టుబాటు పుట్టినది. దారిద్ర్యమునుండి ఇండ్లను కాపాడుకొన్నవారు ఇప్పుడు సంపదనుండి కాపాడుకొనవలసి వచ్చినది. మా యెరుకలో రెండవది మొదటిదానికన్న కష్టము.

ఆ మూడు మాటల వరుసను గమనింపుడు. పడగొట్టమన్నది చివరనున్నది. అమ్మమన్నది మొదటిది. అమ్మిన ఇల్లు కొన్నవాని చేతికి పోవును, అతడు దూరపు నగరమునుండి లెక్కలు చూచుకొనువాడు, ఊరిసభకు రాడు. అద్దెకిచ్చిన ఇంటిలో పగలు అంగడి నడచును, రాత్రి తాళము పడును. అట్టి ఇండ్లు పది యైనచో అది ఊరు కాదు, సంత. ఈ రెండును జరిగినపిమ్మట పడగొట్టుట ఒక లాంఛనము మాత్రమే. వీధిని నిలుపునది వీధిలో నిద్రించువారే యని త్సుమాగోవారు తలచిరి. కట్టుబాటు అమలునకు ఊరివారిదే ఒక నియంత్రణ సమితి ఉన్నది. ఇంటి రూపములో మార్పు చేయదలచినవాడు ముందుగా ఆ సమితికి తెలుపుకొనవలెను. రంగురంగుల ప్రకటన పలకలు వీధిలోనికి రానీయరు. పగటివేళ బాటలో మోటారు బండ్లు నడువవు. చట్టపుకట్టడి ముఖ్యముగా ఇంటి వెలుపలి రూపమునకు సంబంధించినది; లోపల గృహిణి తనకు కావలసిన పొయ్యి, తనకు కావలసిన శీతలయంత్రము పెట్టుకొనవచ్చును. కొండసీమలోని చలికి కొయ్య చట్రముల వెనుక కాపురముండుట వేడుక కాదు గనుక ఈ సదుపాయము న్యాయమే.

పొరుగువాడు తన ఇంటి కిటికీ మార్చుకొనుటకు నా అనుమతి యేల అని అడుగువారు ఆ దేశములోను ఉందురు, ఈ దేశములోను ఉందురు. వారి ప్రశ్న త్రోసివేయదగినది కాదు. ఇల్లు అతని తాత కట్టినది. పన్ను అతడు కట్టుచున్నాడు. కప్పు కారినపుడు తడిసినది అతని పిల్లలు. ఐనను ఆ ఇంటికి నేడు వచ్చిన విలువ అతడొక్కడు తెచ్చినది కాదనుట కూడ నిజము. ఎడమప్రక్కవాడు, కుడిప్రక్కవాడు, ఎదుటివాడు తమ తమ ఇండ్లను అట్లే నిలిపినందున వచ్చిన విలువ అది. అందరిచేత పుట్టిన ధనమును ఒక్కడు అమ్ముకొని పోవుట పంగనామమని ఊరివారి వాదన. మేము ఆ వాదనవైపే మొగ్గుచున్నాము. కాని ఆ వృద్ధునికి వచ్చిన బేరము పోయిన రాత్రి నిద్రపట్టి యుండదనియు మరువజాలము.

ఊరివారు ముందు నడచిరి. చట్టము వెనుక నడచినది. 1973లో స్థానిక పురపాలకులు, అనగా త్సుమాగో చేరియున్న నగిసో పట్టణపు వారు, రక్షణ నిబంధనలు చేసిరి. 1974లో నారా సీమలోని ఇమాయి పేటవారు, నగోయలోని అరిమత్సువారు, త్సుమాగోవారు కలిసి, పాత వీధుల రక్షణకై దేశవ్యాప్తమైన సమాఖ్యను స్థాపించిరి. 1975లో జపాను పార్లమెంటు సాంస్కృతిక సంపద రక్షణ చట్టమును సవరించి, ఒక్కొక్క కట్టడమునే గాక కట్టడముల సముదాయమును కూడ రక్షింపదగిన సంపదగా గుర్తించినది. 1976లో మొదటి పట్టికలో ఏడు ప్రదేశములు చేరెను. త్సుమాగో వానిలో ఒకటి. ఇప్పుడా పట్టికలో 120కి పైగా ఉన్నవి. త్సుమాగో విషయములో రక్షణ వీధితో ఆగలేదు. సుమారు 1,245 హెక్టారుల విస్తీర్ణము, అనగా పొలములు, పాత బాట, కనుచూపుమేర కొండయడవి, అన్నియు ఆ గీతలోపల చేరినవి. కిటికీ తెరచినపుడు ఎదుట కనబడు కొండ మారిపోయినచో కిటికీని మాత్రము కాపాడి ప్రయోజనమేమి?

సంఘమువారి పనులన్నియు మాకు సమానముగా రుచించినవని చెప్పజాలము. ఊరి ప్రధాన బసయైన హోన్‌జిన్ షిమజాకి వంశమువారిది. జపాను నవలాకారులలో ప్రసిద్ధుడైన షిమజాకి తోసోన్ (1872–1943) తల్లి పుట్టినిల్లు అదియే. ఆయన తండ్రి మాగోమె హోన్‌జిన్ యజమాని. తన తండ్రి బ్రతుకును, ఆ బాట పతనమును ఆధారముగా చేసికొని ఆయన వ్రాసిన పెద్ద నవల పేరునకు తెల్లవారకముందు అని అర్థము. త్సుమాగో హోన్‌జిన్ మెయిజీకాలములోనే రూపుమాసి పోయినది. 1995లో పాత నమూనా ననుసరించి దానిని క్రొత్తగా నిర్మించిరి. పని నాజూకుగా ఉన్నదనుటలో సందేహములేదు. కాని అది నేటి కొయ్య, నేటి ఉలి. దానికి కొలది దూరములో షిమో సగయ అను చిన్న ఇల్లున్నది. సామాన్యుల నివాసము ఎట్లుండెడిదో తెలియునట్లు బాగుచేసి ఉంచిరి. మట్టినేల, ఇరుకుగది, పొగచూరిన వాసము. రెంటిలో ఒక్కటే చూచుటకు వ్యవధియున్నదన్న బాటసారికి మేము ఆ చిన్న ఇంటినే చూడుమని చెప్పుదుము.

ఇక నేటి చిక్కు. కట్టుబాటు వ్రాసికొని అర్ధశతాబ్దము దాటినది. నగిసో పట్టణమంతట కలిసి 2020 నాటికి జనసంఖ్య సుమారు 4,000. వ్రాసికొన్నవారిలో పెక్కుమంది గతించియుందురు. వారి బిడ్డలు, మనుమలు దూరపు పట్టణములలో ఉద్యోగములు చేసికొనుచుందురు. అమ్మరాదు, అద్దెకీయరాదు, వచ్చి ఉండుటకు వీలులేదు. అట్టి ఇంటి తలుపు మూసియుండును. కొయ్య ఇంటికి మూతపడిన తలుపును మించిన రోగములేదు. పొయ్యి రాజక, పొగ తగులక, పురుగు పట్టును. నాడు బయటి వర్తకుని రాకుండ ఆపిన మాట నేడు కాపురమునకు రాగోరు పడుచు దంపతులను కూడ ఆపవచ్చును. మాటను సడలించినచో మొదట వచ్చువాడు కాపురస్థుడా, వర్తకుడా అని తేల్చుట ఎట్లు? సడలింపనిచో దీపము పెట్టువారెవరు? ఈ ప్రశ్నకు కాగితముమీద సులభముగా జవాబు చెప్పువారు ఆ వీధిలో ఒక శీతకాలము గడపి రావలెనని మా మనవి.

ఇంతలో దినదినపు పని ఆగదు. కొయ్య ఊరికి అగ్ని జన్మశత్రువు గనుక ఊరివారు నిప్పు నార్పు అభ్యాసము ఎప్పుడును విడువరు. పలకల కప్పులను కాలక్రమమున విప్పి, చెడినవి మార్చి, రాళ్ళు మరల ఎత్తవలెను. ఇండ్లలో కొన్ని యాత్రికులకు బసనిచ్చుచున్నవి. దాపు పల్లెలో హినోకి పేళ్ళతో అల్లిన టోపీలను, ఊరిలో కొయ్య సామానును అమ్ముకొనువారున్నారు. ఏటేట నవంబరు 23వ తేదీన ఊరివారు పాతకాలపు బాటసారుల వేషములు ధరించి వీధివెంట ఊరేగుదురు. అమ్మకము మితిమీరి వీధి అంగడిగా మారుచున్నదను విమర్శకు వారు లోనుకాలేదని అనలేము. బ్రతుకుతెరువు లేని ఊరిలో ఎవరును ఉండరు గదా యని వారి సమాధానము కావచ్చును.

మాగోమె నుండి త్సుమాగోకు కొండకనుమ మీదుగా సుమారు 8 కిలోమీటర్ల పాతబాట నేటికిని నడచుటకు అనువుగా నున్నది. ప్రపంచపు నలుమూలలనుండి వచ్చినవారు దానిని నడచుచున్నారు. మూట మోయలేనివారు దానిని ఒక ఊరిలో అప్పగించి కొంత రుసుము చెల్లించినచో రెండవ ఊరికి చేర్చుదురు. గుఱ్ఱములు పోయినను మజిలీ చేయవలసిన పని మాత్రము మరల దానికి లభించినది. నడుమదారిలో ఒక పాత విశ్రాంతిగృహము కలదు. స్థానికులు అక్కడ పొయ్యి రాజేసి, వచ్చినవారికి వేడి తేనీరు ఉచితముగా పోయుదురు. అడవి దట్టముగా నున్నచోట ఎలుగుబంట్లు దారికి రాకుండ గంటలు కట్టియుంచిరి. నడచువారు ఒక్కొక్కరు వానిని మ్రోగించుచు ముందునకు సాగుదురు.